ఇంప్లాంట్ మీద పాలిమర్ క్యాప్ పెట్టించుకోవచ్చా? | ల్యాబ్ రివ్యూ

నమస్కారమండీ! నెల్లూరు పొగతోటలోని మా డెంటల్ ల్యాబ్ నుంచి మాట్లాడుతున్నాను. ఇంప్లాంట్, అంటే పోయిన పన్ను చోట దవడ ఎముకలో దించే టైటానియం కాడ, వేయించుకున్నవాళ్లు ఈమధ్య పదేపదే అడుగుతున్నారు, దాని మీదికి జిర్కోనియా అనే గట్టి సిరామిక్ క్యాప్ మంచిదా, కొత్తగా వింటున్న పాలిమర్, అంటే ప్లాస్టిక్ జాతి క్యాప్ మంచిదా అని. ఈ వీడియోకి ఎవరూ డబ్బులివ్వలేదు. రోజూ నా చేతిమీదుగా వెళ్లే సరుకు గురించే చెబుతాను.

ఇదిగో, ఎడమ చేతిలో జిర్కోనియా, కుడి చేతిలో పీక్ అనే పాలిమర్. ఒకే దవడ పన్ను, ఒకే డిజైను. బల్ల మీద వేస్తాను, వినండి. జిర్కోనియా టింగుమంది. పీక్ టప్పుమని ఊరుకుంది. బరువు చూస్తే ఘనపు సెంటీమీటరుకు జిర్కోనియా దాదాపు 6 గ్రాములు, పీక్ 1.3 గ్రాములే.

పీక్ అంటే పాలీ ఈథర్ ఈథర్ కీటోన్. 1978లో బ్రిటన్‌కి చెందిన ఐసీఐ కంపెనీ తయారుచేసింది. విమానాల విడిభాగాల్లో, వెన్నెముక ఆపరేషన్లలో ఎప్పటినుంచో వాడుతున్నారు. 343 డిగ్రీల దగ్గర గానీ కరగదు, కాబట్టి వేడి వేడి టీకి భయపడక్కర్లేదు. ఇందులోనే సుమారు 20 శాతం సిరామిక్ పొడి కలిపినది బయోహెచ్‌పీపీ.

ఇక అందరూ చెప్పే "కుషన్" సంగతి, అంటే మెత్తటి క్యాప్ నమిలే దెబ్బని మింగి ఎముకని కాపాడుతుందనే మాట. సొంత పంటి వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి పీచు పొర ఉంటుంది. అందుకే గట్టిగా నమిలినప్పుడు పన్ను 25 నుంచి 100 మైక్రాన్ల (వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు) దాకా కిందికి దిగుతుంది. ఇంప్లాంట్‌కి ఆ పొర లేదు, గోడలో దిగ్గొట్టిన మేకులా ఉంటుంది. కిందికి దిగితే మహా అయితే 5 మైక్రాన్లు. బిగుసుదనాన్ని గిగాపాస్కల్స్‌లో కొలుస్తారు: జిర్కోనియా 200 పైనే, టైటానియం 110, పీక్ సుమారు 4. మెత్తటి క్యాప్ దెబ్బని కాస్త మింగుతుందన్నది నిజమే. కానీ ఎముకని కాపాడేస్తుందని అమ్మేవాళ్ల మాట నేను పూర్తిగా ఒప్పుకోను. క్యాప్ కింద స్క్రూ ఉంది, టైటానియం ఇంప్లాంట్ ఉంది, ఎముకకి తగిలేది ఆ టైటానియమే కదా! పైగా క్యాప్ మరీ వంగితే ఆ భారం సిమెంటు మీదా స్క్రూ మీదా పడుతుంది.

నాకు నచ్చింది వేరే ఉంది. ఎదురుగా ఉన్న పన్నుని ఇది పెద్దగా అరగదీయదు. అంచు విరిగితే డాక్టరు నోట్లోనే కాంపోజిట్, అంటే పంటి రంగు ఫిల్లింగ్ ముద్ద, పెట్టి సరిచేయొచ్చు. జిర్కోనియా పగిలితే మళ్లీ మా దగ్గరికే, కొత్తది చేయడానికే.

ఇప్పుడు అసలు తిరకాసు. దగ్గరగా చూడండి, ఈ పీక్ రంగు బూడిద కలిసిన లేత గోధుమ. వెలుతురు లోపలికి పోదు, పన్నులా కనిపించదు. పైన కాంపోజిట్ పొర వేయాల్సిందే. పీక్‌కి ఏదీ ఓ పట్టాన అంటుకోదు, అల్యూమినా ఇసుకతో గరుకు చేసి, ప్రైమర్ పూసి, అప్పుడు వేస్తాం. ఆ పని సరిగ్గా చేయకపోతే పొర ఊడొస్తుంది. ఈ ముక్కని రాత్రంతా చేపల పులుసులో ఉంచాను. మెరుగు సరిగా పెట్టని ఈ అంచు చూశారా, పసుపు పట్టేసింది. మెరుగు పెట్టిన వైపు ఫర్వాలేదు. మన నెల్లూరు నోళ్లకి ఇది చిన్న విషయం కాదండీ!

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో గోధుమ మచ్చలు పడ్డ పళ్లవాళ్లకి మాత్రం ఈ కాంపోజిట్టే కలిసొస్తుంది. పక్క పంటి మచ్చకి తగ్గట్టు కుర్చీలో కూర్చోబెట్టే రంగు సవరించొచ్చు.

ఇంకొకటి, పీక్ ఎక్స్‌రేలో సరిగ్గా కనిపించదు. క్యాప్ అంచు సరిగ్గా కూర్చుందో లేదో తెలుసుకోవడం డాక్టరుకి ఇబ్బందే.

ఒక్క దవడ పన్నుకైతే నా ఓటు ఇప్పటికీ జిర్కోనియాకే, నోట్లో ఎక్కువ ఏళ్లు వాడి చూసింది దాన్నే కాబట్టి. పై దవడ మొత్తం ఇంప్లాంట్ల మీద కట్టే బ్రిడ్జికి లోపలి ఫ్రేమ్‌గా అయితే పాలిమర్ తీసుకుంటాను, ఆ బరువు తేడా నోటికి తెలుస్తుంది. రాత్రిళ్లు పళ్లు కొరికేవాళ్లు ఆ మాట డాక్టరుకి ముందే చెప్పండి. "పాలిమర్" అంటే ఏ పాలిమరో అడిగి బిల్లు మీద రాయించుకోండి. టెంపరరీ క్యాప్‌లు చేసే పీఎంఎంఏ కూడా పాలిమరే, రేటు మాత్రం ఒకటి కాదు.

అటువైపు మెషీన్‌లో ఓ ఫుల్ ఆర్చ్, అంటే దవడ మొత్తానికి సరిపోయే ఫ్రేమ్ మిల్లింగ్ అవుతోంది. దానికి పళ్లు పేర్చడం వచ్చే వీడియోలో చూపిస్తాను.