కోట కోసం వెళ్తే రొయ్యలు దొరికాయి

శ్రోతలకు నమస్కారం. గుంటూరు వాళ్లం సముద్రం అనగానే సూర్యలంక వెళ్లిపోతాం. ఆదివారమైతే బాపట్ల రోడ్డు నిండా కార్లే. నేను చెప్పబోయేది ఇంకొంచెం తూర్పున, కృష్ణా డెల్టా చివర్న ఉన్న నిజాంపట్నం గురించి. 2022 దాకా మన జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లా. తెనాలి మీదుగా రేపల్లె దాకా రైలుంది, అక్కణ్ణించి బస్సో ఆటోనో పట్టుకోవడమే.

మొదటిసారి మే నెలలో వెళ్లాను. ఎందుకంటే, డచ్చివాళ్లు 1606లోనే ఇక్కడ వ్యాపారం మొదలుపెట్టారనీ, 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ ముందు ఇక్కడ ఆగి, ఆ తర్వాతే బందరు వెళ్లిందనీ చదివాను. ఇంకేముంది, ఓ పాత కోటో, కూలిన గోడో ఉంటుంది, ఫొటో దిగొచ్చు అనుకున్నా. ఊరంతా తిరిగినా నాకలాంటిదేం కనపడలేదు. వాళ్ల కాగితాల్లో ఈ ఊరి పేరు పెట్టపోలీ. పక్కనున్న పెద్దపల్లి వాళ్ల నోట్లో పడి అలా అయిందంటారు. సరే, మనం మాత్రం వాళ్ల పేర్లు సరిగ్గా పలికామా ఏంటి!

అసలు అంత దూరం నుంచి వాళ్లొచ్చింది చేపల కోసం కాదు, బట్ట కోసం. తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివాళ్లు మన తీరంలో తయారైన అద్దకం బట్టలే అడిగేవారట. ఆ బట్టల్లోని ఎరుపు చిరివేరుది. ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క, రంగంతా వేరు తొక్కలో ఉంటుంది, బట్టకి ముందుగా పటిక పట్టిస్తేగానీ అది నిలవదు. ఈ చుట్టుపక్కల దొరికే చిరివేరుకి ఆ రోజుల్లో మంచి పేరుండేది. 1868లో జర్మన్ శాస్త్రవేత్తలు అదే రకం ఎరుపుని ప్రయోగశాలలో తయారుచేశాక వేళ్లు తవ్వే పని మూలబడింది. మనం కాళ్లకింద తొక్కుకుంటూ పోయే మొక్క కోసం ఓడలు వచ్చాయంటే నమ్మబుద్ధి కాదు కదా!

కోట ఎలాగూ లేదు, కనీసం చేపలైనా కొందామని రేవుకి వెళ్తే బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. ఒకదానికి రంగేస్తున్నారు, ఇంకోదాని ఇంజన్ విప్పి పెట్టారు. నీడలో ఒక పెద్దాయన వల అల్లుకుంటున్నాడు. "ఏం బాబాయ్, ఇవాళ వేటకెళ్లలేదా?" అని అడిగా. ఆయన తలెత్తి నన్నోసారి చూసి, "ఇది గుడ్లు పెట్టే కాలం గదయ్యా, ఇప్పుడు పట్టేస్తే రేపు ఏం తింటావ్?" అన్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజన్ బోట్లు సముద్రంలోకి వెళ్లకూడదని నిబంధన. పేపర్లో ఏటా వచ్చే వార్తే. చదివి కూడా మే నెలలో వెళ్లిన తెలివి నాది.

రెండోసారి వానాకాలం దాటాక, రాత్రి రేపల్లెలో పడుకుని, తెల్లవారకముందే వెళ్లా. ఇక్కడో సంగతి, రేవులో నిలబడితే సముద్రం కనపడదు. అది ఏటిపాయ మీదుంది, బోట్లు మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దాటి, మడ చెట్ల మధ్య నుంచి లోపలికొస్తాయి. ముందు డుబుడుబుమని ఇంజన్ చప్పుడు వినపడుతుంది, చాలాసేపటికిగానీ బోటు కనపడదు. వచ్చిందంటే ఇక చూడాలి, ట్రేలకి ట్రేలు దించడం, ఐసు కొట్టడం, వేలం పాట, పీతలు ఏరి పక్కన పోసే ఆడవాళ్లు. పాట పాడేవాడి మాటల్లో నాకు సగం అర్థం కాలేదు. చందువలు, పండుగప్పలు నా కళ్లముందే లారీల్లోకెక్కి వెళ్లిపోయాయి. నేను మొహమాటపడుతూ నిలబడితే ఒకావిడే పిలిచి, "ఏం కావాలి అబ్బాయా, అట్టా నిలబడితే ఎవరిస్తారు?" అని కిలో రొయ్యలు తూచి సంచిలో పోసింది.

వెళ్లేవాళ్లు ఐసు డబ్బా తీసుకెళ్లండి. నేను తీసుకెళ్లలేదు. తెనాలి వచ్చేసరికి రైల్లో నా పక్క సీట్లు రెండూ ఖాళీ అయ్యాయి. ఇంటికొచ్చి సంచి దించితే మా ఆవిడ మూతి విరిచి, "చరిత్ర చూసొస్తానన్నారు, ఇదేనా?" అంది.