ఓపీటీ రివ్యూ: 3 ఏళ్లు అంటారు, ముందు ఆ 90 రోజులు దాటండి

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ వీడియోకి కారణం ఒక యాప్. ఓపీటీ అంటే అమెరికాలో చదువయ్యాక కొన్నాళ్లు పని చేసుకోనిచ్చే అనుమతి. దాని మీద ఉన్న స్టూడెంట్స్ ఉద్యోగం లేని రోజులు లెక్కపెట్టుకోవడానికి చేసిన ట్రాకర్ అది. వాళ్లు నాకు డబ్బులేమీ ఇవ్వలేదు. ఏడాది ప్రీమియం ఫ్రీగా ఇచ్చి, "అక్కా, మీ సబ్‌స్క్రైబర్లకి ఒక మాట చెప్పండి" అన్నారు. చెప్తాను. పేరు మాత్రం చెప్పను, ఎందుకో కాసేపట్లో మీకే అర్థమవుతుంది. ఆ యాప్ వాడుతుంటే నాకు యాప్ కంటే ఓపీటీ మీదే పాత కోపం మళ్లీ లేచింది. అందుకని ఈరోజు రివ్యూ ఓపీటీకి. యాప్ మధ్యలో వచ్చి పోతుంది.

స్పెక్స్ మీరంతా ఇప్పటికే ఎక్కడో చూసే ఉంటారు. అమెరికాలో ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద డిగ్రీ పూర్తి చేస్తే 12 నెలలు పని చేసుకోవచ్చు, మీది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సు అయితే ఇంకో 24 నెలలు. మొత్తం 3 ఏళ్లు. ఈ స్టెమ్ ఎక్స్‌టెన్షన్ 2008లో వచ్చినప్పుడు 17 నెలలే ఉండేది, 2016లో 24 చేశారు. బాక్స్ మీద రాసింది ఇదే. యూనివర్సిటీల బ్రోచర్లలో, ఏజెంట్ల నోట్లో వినపడేదీ ఇదే. బాక్స్ లోపల చిన్న అక్షరాల్లో ఉన్నది 90 రోజుల లెక్క.

ఈ లెక్క ఏంటంటే, మొదటి 12 నెలల ఓపీటీలో మీరు ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం కలిపి 90 రోజులే. వరుసగా 90 కాదు, అన్నీ కూడి 90. శనివారం, ఆదివారం, థాంక్స్‌గివింగ్, అన్నీ పడతాయి. ఉద్యోగం లేని టైమ్‌లో ఇంటికెళ్లి నెల రోజులు ఉండొచ్చినా ఆ నెలా పడుతుంది. ఇంటర్వ్యూ ఐదు రౌండ్లు అయిపోయి హెచ్ఆర్ "వచ్చే వారం చెప్తాం" అన్నా, ఆ వారం కూడా మీ ఖాతాలోంచే పోతుంది. 90 దాటితే స్టేటస్ పోయినట్టే. మామూలుగా ఓపీటీ అయిపోయాక సర్దుకోవడానికి ఇచ్చే 60 రోజుల గ్రేస్ కూడా అప్పుడు రాదు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. యూకేలో చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ రూట్ వీసా చూడండి. ఇప్పుడు 2 ఏళ్లు ఇస్తున్నారు, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి 18 నెలలకి తగ్గిస్తున్నారు, పీహెచ్‌డీ వాళ్లకి తప్ప. తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఆ 18 నెలల్లో మీరు ఆరు నెలలు ఉద్యోగం లేకుండా ఉన్నా ఎవరూ లెక్క అడగరు. కెనడాలో చదువయ్యాక ఇచ్చే వర్క్ పర్మిట్ పీజీడబ్ల్యూపీకి కూడా ఇలాంటి గడియారం లేదు. 2024 నవంబర్ నుంచి అక్కడ భాషా పరీక్ష పెట్టారు, కొన్ని కోర్సులకి చదివిన సబ్జెక్టు రూల్ కూడా పెట్టారు, అది వేరే గోల. ఒకసారి పర్మిట్ చేతికొచ్చాక మాత్రం టెన్షన్ లేకుండా ఉద్యోగం వెతుక్కోవచ్చు. మన ఓపీటీలో ఉద్యోగం వెతకడమే ఒక ఉద్యోగం, పైగా తల మీద స్టాప్‌వాచ్.

సరే, దీన్ని ఎలా వాడుకోవాలో చూద్దాం. అసలు ఆట అంతా ఒక్క డేట్‌లో ఉంది. ఐ-765 అనే ఓపీటీ అప్లికేషన్ ఫారం నింపేటప్పుడు ఓపీటీ ఎప్పటి నుంచి మొదలవ్వాలో మీరే అడగొచ్చు. మీ ప్రోగ్రామ్ ఎండ్ డేట్ మర్నాటి నుంచి 60 రోజుల లోపు ఏ రోజైనా పెట్టుకోవచ్చు. మీ ప్రోగ్రామ్ మే 9న అయిపోయింది అనుకోండి. మే 10 పెట్టొచ్చు, జూలై 8 దాకా ఎప్పుడైనా పెట్టొచ్చు.

చేతిలో ఆఫర్ లేకుండా మే 10 పెట్టారు. మీ 90వ రోజు ఆగస్టు 7న వస్తుంది. అదే జూలై 8 పెడితే అక్టోబర్ 5న వస్తుంది. ఒకే డిగ్రీ, ఒకే రెజ్యూమే, తేడా దాదాపు రెండు నెలలు. ఆఫర్ రెడీగా ఉండి జూన్ 1న జాయిన్ అవ్వమంటే జూన్ 1 పెట్టుకోండి, డేట్ రాకముందు పని చేయకూడదు కదా. ఆఫర్ లేనప్పుడు "తొందరగా మొదలైతే తొందరగా పని చేసుకోవచ్చు" అని మే 10 పెట్టేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. స్టార్ట్ డేట్ దూరంగా పెట్టుకోవడం అప్లికేషన్ ఆలస్యం చేయడానికి లైసెన్స్ కాదు, ఈ రెండూ కలిపేయకండి. ప్రోగ్రామ్ అయిపోవడానికి 90 రోజుల ముందు నుంచే అప్లై చేయొచ్చు. మీ కాలేజీలో విదేశీ విద్యార్థుల పని చూసే డీఎస్ఓ, సెవిస్ అనే ప్రభుత్వ స్టూడెంట్ రికార్డుల సిస్టమ్‌లో రికమెండేషన్ పెట్టిన 30 రోజుల్లో అప్లికేషన్ వెళ్లిపోవాలి. ఆన్‌లైన్‌లో ఫీజు 470 డాలర్లు, పేపర్ మీద పంపితే 520. యాభై డాలర్లు ఎక్కువిచ్చి పోస్టులో పంపడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

ఇప్పుడు యాప్. ఓపీటీ వర్క్ పర్మిట్ కార్డ్ చేతికొచ్చాక యాప్ తెరిస్తే మొదటి ప్రశ్న ఇది: "మీకు కార్డ్ ఎప్పుడు అందింది?" నేను రెండుసార్లు చదివాను. అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టి, "ఇంకా 90 రోజులున్నాయి, ఆల్ ది బెస్ట్" అని పచ్చ రంగులో చూపించింది. బాబూ, లెక్క మొదలయ్యేది కార్డ్ పోస్టులో వచ్చిన రోజు నుంచి కాదు. కార్డ్ మీద "వాలిడ్ ఫ్రమ్" అని స్టార్ట్ డేట్ ప్రింట్ అయి ఉంటుంది చూడండి, కేటగిరీ దగ్గర సీ03బీ అని ఉండే కార్డ్, ఆ డేట్ నుంచి. స్టార్ట్ డేట్ అయిపోయాక రెండు వారాలకి కార్డ్ పోస్టులో వచ్చిందనుకోండి, యాప్ మీకు లేని రెండు వారాలు ఉన్నట్టు చూపిస్తుంది. దీనికి నెలకి డబ్బులు కట్టాలట. సపోర్ట్‌కి మెయిల్ పెట్టాను, "మీ ఫీడ్‌బ్యాక్ మాకు విలువైనది" అని ఆటోమేటిక్ రిప్లై వచ్చింది. డిజైన్ బాగుంది, రిమైండర్లు బాగున్నాయి, ఎక్కడా యాడ్స్ లేవు. ఏం లాభం? ఎక్సెల్‌లో ఒక షీట్ పెట్టుకుని స్టార్ట్ డేట్, జాయిన్ అయిన డేట్, మానేసిన డేట్ రాసుకోండి, చాలు. అనుమానం ఉంటే మీ డీఎస్ఓని అడగండి, వాళ్లకి సెవిస్‌లో మీ లెక్క కనిపిస్తుంది.

గడియారం ఆగాలంటే ఉద్యోగం రావడం ఒక్కటే చాలదు, అది సెవిస్‌లో ఎక్కాలి. ఓపీటీ స్టూడెంట్స్ తమ వివరాలు నింపే ప్రభుత్వ వెబ్‌సైట్ ఎస్ఈవీపీ పోర్టల్‌లో లాగిన్ అయి ఎంప్లాయర్ పేరు, అడ్రస్, జాయినింగ్ డేట్ నింపాలి. కింద ఒక బాక్స్ ఉంటుంది, ఈ పనికీ మీ చదువుకీ సంబంధం ఏంటో రాయమని. చాలామంది అక్కడ "సాఫ్ట్‌వేర్ జాబ్" అని రెండు మాటలు కొట్టి వదిలేస్తారు. కాస్త ఓపిక పట్టి ఏ కోర్సులో నేర్చుకున్నది ఏ పనిలో వాడుతున్నారో మూడు నాలుగు వాక్యాలు రాయండి. మార్పు ఏదైనా 10 రోజుల్లో చెప్పాలి. 2025 మేలో ఇదే విషయం మీద చాలామందికి నోటీసులు వచ్చాయి, మీ రికార్డులో 90 రోజులు దాటినా ఎంప్లాయర్ లేరు, 15 రోజుల్లో సరిచేసుకోండి అని. వాళ్లలో ఉద్యోగం చేస్తూ పోర్టల్‌లో నింపనివాళ్లు కూడా ఉన్నారు.

ఇంకో మాట. మొదటి 12 నెలల్లో వారానికి కనీసం 20 గంటలు పని ఉంటే చాలు, మీ సబ్జెక్టుకి సంబంధించినదై ఉండాలి. జీతం లేకపోయినా, లేబర్ చట్టాలకి అడ్డు రాకుండా ఉంటే, లెక్కలోకి వస్తుంది. ప్రొఫెసర్ ల్యాబ్‌లో వాలంటీర్‌గా చేరడం చాలామందిని గట్టెక్కించింది. చేరేముందు డీఎస్ఓతో మాట్లాడండి, ప్రొఫెసర్ దగ్గర లెటర్ తీసుకుని దాచుకోండి.

దీనికి బదులు మనవాళ్లు చేసే పని మీకు తెలుసు. రోజులు దగ్గర పడగానే ఎవరో ఒక కన్సల్టెన్సీ నంబర్ ఇస్తారు. నాకూ ఒకరు ఫోన్ చేసి, "మా పేరు పెట్టుకోండి, ఆఫర్ లెటర్ ఇస్తాం, మార్కెటింగ్ చేస్తాం, ప్రాజెక్ట్ వచ్చాక చూద్దాం" అన్నారు. పని లేదు, జీతం లేదు, కాగితం మాత్రం ఉంది. గడియారం ఆగినట్టే కనిపిస్తుంది. రేపు హెచ్-1బీ అనే వర్క్ వీసాకో, వీసా స్టాంపింగ్‌కో వెళ్లినప్పుడు పే స్లిప్‌లు అడిగితే ఏం చూపిస్తారు? 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో హోమ్‌లాండ్ సెక్యూరిటీ వాళ్లే ఒక నకిలీ కాలేజీ నడిపి పట్టుకున్నది గుర్తుందా? అందులో ఎక్కువగా దొరికింది మన పిల్లలే. కాగితం మీద ఉన్నదాన్ని నమ్మి ధైర్యంగా ఉండొద్దు.

స్టెమ్ ఎక్స్‌టెన్షన్ గురించి తొందరగా. ఇక్కడ ఉచిత సేవలు కుదరవు, జీతం ఉండాలి. ఉద్యోగికి పని చేసే హక్కుందో లేదో చూసే ప్రభుత్వ సిస్టమ్ ఈ-వెరిఫైలో కంపెనీ ఉండాలి. ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాన్ మీద కంపెనీ సంతకం పెట్టాలి, సంతకం పెట్టినవాళ్లే నిజంగా మీకు పని నేర్పాలి, అవసరమైతే అధికారులు ఆఫీసుకొచ్చి చూడొచ్చు. నిరుద్యోగం లెక్కకి ఇంకో 60 రోజులు కలుస్తాయి, అంటే మొత్తం 150. మొదటి ఏడాది 80 వాడేసి ఉంటే మిగిలింది 70.

మధ్యలో ఒకటి గుర్తొచ్చింది, మళ్లీ మర్చిపోతాను. మీ పే స్లిప్‌లో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అని కలిపి 7.65 శాతం కోస్తున్నారేమో చూడండి. ఎఫ్-1 మీద వచ్చిన మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు మామూలుగా అది కోయకూడదు. కోస్తే ముందు పేరోల్ వాళ్లని అడగండి. వాళ్లు వెనక్కివ్వకపోతే అక్కడి టాక్స్ ఆఫీసు ఐఆర్ఎస్‌కి ఫారం 843 పంపుకోవచ్చు.

ఇక ఓపీటీ తర్వాత? అందరూ వెళ్లేది హెచ్-1బీకే. లాటరీలో ఇచ్చేది ఏడాదికి 85,000, అందులో 20,000 అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకి. స్టెమ్ వాళ్లకి మామూలుగా మూడు మార్చిలు, అంటే మూడు లాటరీలు, దొరుకుతాయి, స్టెమ్ కానివాళ్లకి ఒక్కటే. పైగా 2026 మార్చి లాటరీ నుంచి జీతం స్థాయిని బట్టి వెయిటేజీ పెట్టారు. అన్నిటికంటే పైనున్న లెవెల్ 4 జీతం ఉన్నవాళ్ల పేరు నాలుగుసార్లు పడుతుంది, లెవెల్ 1 వాళ్లది ఒక్కసారే. కొత్తగా కాలేజీ నుంచి వచ్చినవాళ్లకి లెవెల్ 4 ఎవరిస్తారండీ? లెవెల్ 1కీ లెవెల్ 2కీ మధ్య కొద్ది తేడాలో ఉంటే మాత్రం ఆఫర్ టైమ్‌లోనే జీతం గురించి మాట్లాడుకోండి. యూనివర్సిటీలు, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని సంస్థల్లో ఉద్యోగమైతే ఈ లాటరీ గొడవే లేదు.

హెచ్-1బీకి పెట్టిన లక్ష డాలర్ల ఫీజు గురించి కామెంట్లలో రోజూ అడుగుతున్నారు. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన ఆ ఫీజు, అమెరికాలోనే ఉండి ఎఫ్-1 నుంచి హెచ్-1బీకి మారేవాళ్లకి వర్తించదని అక్టోబర్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసు యూఎస్‌సీఐఎస్ చెప్పింది. మెలిక ఇక్కడుంది: చేంజ్ ఆఫ్ స్టేటస్ పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే ఆ రిక్వెస్ట్ వదులుకున్నట్టే, అప్పుడు ఫీజు మెడకి చుట్టుకోవచ్చు. అన్నయ్య పెళ్లి ఉన్నా సరే, లాయర్‌ని అడగకుండా టికెట్ బుక్ చేయకండి.

గ్రీన్ కార్డ్ గురించి ఈ వీడియోలో ఎక్కువ చెప్పను. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉంది కాబట్టి ఇండియాలో పుట్టినవాళ్లకి ఉద్యోగం మీద వచ్చే ఈబీ-2, ఈబీ-3 గ్రీన్ కార్డ్ క్యూ పదేళ్లు ఎప్పుడో దాటిపోయింది. గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయితే హెచ్-1బీని ఆరేళ్ల తర్వాత కూడా పొడిగించుకుంటూ పోవచ్చు, అదొక్కటే ఊరట.

రేటింగ్ ఎంత ఇస్తారని అడుగుతారు. స్టెమ్ వాళ్లకి 5కి మూడున్నర. ఆ 90 రోజుల రూల్ లేకపోతే నాలుగున్నర ఇచ్చేదాన్ని, ఆ ఒక్క పాయింట్ కోపంతోనే కోశాను. స్టెమ్ కానివాళ్లకి రెండు. ఒక్క లాటరీ కోసం అంత ఫీజు పోసి చదవడం నాకు మింగుడు పడదు, వెళ్లేముందే కోర్సుకి స్టెమ్ కోడ్ ఉందో లేదో కాలేజీ ఇచ్చే ఐ-20 ఫారం మీద చూసుకోండి. యాప్‌కి సున్నా. ఫ్రీ ప్రీమియం వెనక్కిచ్చేశాను.

మీ ప్రోగ్రామ్ ఎండ్ డేట్ కామెంట్‌లో పెడితే మీ 60 రోజుల విండో ఎప్పటిదాకానో లెక్కేసి చెప్తాను. డేట్ ఒక్కటి చాలు. పోయిన వీడియో కింద ఒకరు సెవిస్ నంబర్‌తో సహా ఐ-20 ఫొటో లింక్ పెట్టేశారు, నేనే డిలీట్ చేశాను. అలా పెట్టకండి.