గరివిడి మాంగనీసు నుంచి బ్యాటరీ దాకా

అందరికీ నమస్కారం. పాత టార్చిలైటు సెల్లు పగలగొట్టినవాళ్ళు ఇక్కడ ఎందరున్నారు? మాస్టార్ల చేతులే లేస్తున్నాయి, పిల్లలవి లేవడం లేదు! మా చిన్నప్పుడు అయిపోయిన సెల్లుని రాయితో చితక్కొట్టి, లోపలి నల్లపొడిలో ఆకు పసరు కలిపి పలకకి పూసేవాళ్ళం. ఆ పొడిలో ముఖ్యమైన సరుకు మాంగనీస్ డయాక్సైడ్.

మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఈ విజయనగరం జిల్లాలోనే, 1890ల్లో. మన కోడూరు పేరు మీద 'కోడురైట్' అని ఒక రాయికి పేరే పెట్టారు. అయితే ఆ రోజుల్లో ముడిరాయి ఓడలెక్కి బయటి దేశాల ఉక్కు కొలిములకు పోయింది. మనకి మిగిలింది గోతులూ, తట్ట మోసిన కూలీ. ఆ రాయిని కరిగించి ఫెర్రో మాంగనీసు, అంటే ఉక్కులో కలిపే ఇనుము-మాంగనీసు మిశ్రమం, చేసే ఫ్యాక్టరీ గరివిడికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు ఈ రెండు రేకులూ చూడండి. విప్పిన లిథియం సెల్లులోవి. ముందు వరస నుంచి పంపిస్తున్నాను, కవరు విప్పకండి, నలుపు అంటుతుంది. రాగి రేకు మీద పూత గ్రాఫైటు. అల్యూమినియం రేకు మీద పూతలో లిథియం ఉంటుంది. దానికి జతగా కొన్నిటిలో నికెల్, మాంగనీసు, కోబాల్టు, కొన్నిటిలో ఇనుము, ఫాస్ఫేటు. లిథియం పేరే అందరి నోటా నానుతుంది గానీ, ఒక యూనిట్ కరెంటు దాచాలంటే సుమారు కిలో గ్రాఫైటు కావాలి. నలభై యూనిట్ల ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ అంటే దాదాపు నలభై కిలోలు.

గ్రాఫైటు మన దేశంలోనూ ఉంది. కానీ బ్యాటరీకి పనికొచ్చేలా శుద్ధి చేసేది 90 శాతానికి పైగా చైనాయే. 2023 డిసెంబరు నుంచి దాని ఎగుమతికి అనుమతి పత్రం తప్పనిసరి చేసింది. లిథియం అందరికంటే ఎక్కువ తవ్వే ఆస్ట్రేలియా కూడా ముడిసరుకులో చాలాభాగం చైనాకే పంపుతుంది.

2023 ఫిబ్రవరిలో జమ్మూ కశ్మీర్‌లోని రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం ముడిఖనిజం ఉందని అంచనా వేశారు. ఆ వారం నాకొచ్చిన వాట్సాప్ మెసేజీల లెక్కన మనం సౌదీ అయిపోయాం! తీరా వేలం పెడితే చాలినంతమంది రాలేదు, రద్దు చేశారు. మట్టిలో ఉన్న లిథియాన్ని లాభసాటిగా బయటికి తీయడం మాటలు కాదు.

ఇండొనేషియా 2020లో నికెల్ ముడిఖనిజం ఎగుమతి ఆపేసింది. కావాలంటే ఇక్కడికొచ్చి కొలిమి పెట్టుకోమంది. వచ్చారు, ఎక్కువగా చైనా వాళ్ళే. బొగ్గు పొగ, నరికిన అడవులు కూడా వెంట వచ్చాయి. అందుకే మన దగ్గర శుద్ధి కర్మాగారం అనగానే చప్పట్లు కొట్టలేను. నీళ్ళెక్కడివి, వ్యర్థం ఎక్కడ పోస్తారు అని మొదట అడుగుతాను. అయినా అది కావాలనే అంటాను.

ఇంకో గని మన వీధిలోనే ఉంది, పాత బ్యాటరీలు. సీసం బ్యాటరీకి తూకం వేసి డబ్బిస్తారు, కాబట్టి ఎవరూ పారేయరు. లిథియం బ్యాటరీల్లో ఇనుము, ఫాస్ఫేటు రకంలో కోబాల్టూ నికెలూ ఉండవు, పాతసామాన్ల వాడికి గిట్టదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాత బ్యాటరీల్ని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారు మీదే పెట్టాయి. పిల్లలూ, ఒక్కమాట. మేం చేసినట్టు ఈ లిథియం సెల్లుని మాత్రం రాయితో కొట్టకండి, మంట అంటుకుంటుంది.