తేలికపాటి హెలికాప్టర్‌లో ఏ ముల్లు ముందు చూడాలి?

అందరికీ నమస్కారం.

7,000 పౌండ్ల లోపు హెలికాప్టర్లకు అమెరికా విమానయాన నిబంధనల్లోని 27వ భాగం వర్తిస్తుంది. ప్రయాణం సంగతి చెప్పడానికి అది తప్పనిసరి చేసిన పరికరాలు మూడే: వేగం చూపేది, ఎత్తు చూపేది, అయస్కాంత దిక్సూచి. ఇంజిన్, రోటర్ (పైన తిరిగే రెక్కలు) సంగతి చెప్పే పరికరాల జాబితా మాత్రం పొడుగ్గా ఉంటుంది. ఎందుకో చూద్దాం. ఉదాహరణకు 1979లో ధ్రువీకరణ పొందిన రెండు సీట్ల రాబిన్సన్ ఆర్22 తీసుకుందాం. అంకెలన్నీ దాని బీటా 2 రకానివి.

ముందు చూడాల్సింది జంట టాకోమీటర్, అంటే చుట్ల వేగం చూపే మీటర్. ఎడమ ముల్లు ఇంజిన్‌ది, కుడి ముల్లు రోటర్‌ది. మామూలుగా ఎగిరేటప్పుడు రెండూ 104 శాతం దగ్గర పక్కపక్కనే నిలుస్తాయి. అప్పుడు రోటర్ నిమిషానికి 530 చుట్లు తిరుగుతుంది. లిఫ్ట్, అంటే పైకి లేపే బలం, చుట్ల వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, వేగం పదో వంతు తగ్గితే లిఫ్ట్ దాదాపు ఐదో వంతు పోతుంది. పైగా రెక్కలను చాచి ఉంచేది కూడా ఆ తిరుగుడే. 97 శాతం దగ్గర హారన్ మోగుతుంది, దీపం వెలుగుతుంది. రోటర్ వేగం 80 శాతానికి, ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు ఇంకో శాతం కలిపితే వచ్చే అంకె కిందికి జారితే ఇక తేరుకోవడం ఉండదని తయారీదారు హెచ్చరిస్తాడు. ఆర్22 రోటర్ తేలిక. ఇంజిన్ ఆగాక కలెక్టివ్ (రెక్కలన్నిటి వాలును ఒకేసారి మార్చే పిడి) దించడానికి రెండు సెకన్ల వ్యవధి కూడా దొరకదు.

హారన్ మోగితే థ్రాటిల్ పెంచుతూనే కలెక్టివ్ దించాలి, ముందుకు వెళుతుంటే సైక్లిక్ (హెలికాప్టర్‌ను ముందుకూ వెనక్కీ పక్కలకూ నడిపే కర్ర) కాస్త వెనక్కి లాగాలి. కిందికి పోతున్నామన్న భయంతో కలెక్టివ్ పైకి లాగడమే ప్రాణాలు తీసే పొరపాటు. ఇంకో సంగతి: కలెక్టివ్ పూర్తిగా కింద ఉన్నప్పుడు హారన్ మోగదు. ఆటోరొటేషన్‌లో, అంటే ఇంజిన్ శక్తి లేకుండా గాలికే రోటర్ తిరుగుతూ దిగేటప్పుడు, చెవిని నమ్ముకోకుండా కంటితో 90 నుంచి 110 మధ్య చూసుకోవాల్సిందే. ఇంత ముఖ్యం కనుకే బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ ఆపేసినా టాకోమీటర్లకు కరెంటు అందేలా కట్టారు.

రెండోది మానిఫోల్డ్ ప్రెషర్ గేజ్, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనం చూపేది. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే దీన్ని పరీక్షించవచ్చు. అప్పుడది చుట్టూ ఉన్న వాతావరణ పీడనమే చూపాలి: విశాఖ తీరంలో ముప్ఫై అంగుళాల పాదరసానికి కాస్త అటూ ఇటూ, సుమారు 1,700 అడుగుల ఎత్తున్న బేగంపేటలో 28కి దగ్గరగా. అలా చూపకపోతే గేజ్‌ను అనుమానించండి. గాల్లో దీని పరిమితి స్థిరమైన అంకె కాదు. ఎత్తునూ బయటి ఉష్ణోగ్రతనూ బట్టి కాక్‌పిట్‌లో అంటించిన పట్టికలోంచి తీసుకోవాలి. అందుకే బయటి థర్మామీటరు అలంకారం కాదు. మేలో 42 డిగ్రీల మధ్యాహ్నం బేగంపేట గాలి 5,300 అడుగుల పైన ఉండే గాలంత పలుచనవుతుంది. వేయాల్సిన లెక్క సులువే: ఆ ఎత్తుకు ఉండాల్సిన ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే ఎక్కువైన ప్రతి డిగ్రీకి 120 అడుగులు కలపండి.

ఇప్పుడు అందరూ చిన్నచూపు చూసే కార్బ్యురేటర్ ఉష్ణోగ్రత గేజ్. మన వేడి దేశంలో ఐస్ ఏమిటని అనుకోవద్దు. బయట 30 డిగ్రీల దాకా ఉన్నా, మంచు బిందువుతో (గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రతతో) తేడా 15 డిగ్రీల లోపైతే కార్బ్యురేటర్‌లో ఐస్ కట్టవచ్చు. కోస్తాలో తేమ నిండిన ఉదయాలు సరిగ్గా ఇలాంటివే. ఇక్కడ గవర్నర్, అంటే చుట్లను తనంతట తానే నిలబెట్టే పరికరం, మోసం చేస్తుంది. ఐస్ గాలిని అడ్డుకున్నకొద్దీ అదే థ్రాటిల్ తెరుస్తూ పోతుంది. చుట్లు తగ్గవు, ముళ్లు కదలవు, తెరవడానికి థ్రాటిల్ మిగలనప్పుడే విషయం బయటపడుతుంది. కాబట్టి ముల్లు పసుపు గీతలోకి, అంటే మైనస్ 15 నుంచి 5 డిగ్రీల మధ్యకు రాకుండా కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కు వేడి గాలి) ఇవ్వాలి. మానిఫోల్డ్ ప్రెషర్ 18 అంగుళాల కిందికి తగ్గితే ఆ గేజ్‌ను పట్టించుకోకుండా పూర్తి హీట్ ఇవ్వాలి.

వేగం చూపే మీటర్ గరిష్ఠ పరిమితి 3,000 అడుగుల వరకు 102 నాట్లు (గంటకు నాటికల్ మైళ్లు), ఆపైన తగ్గుతుంది. 30 నాట్ల లోపు దాన్ని నమ్మొద్దు. ఆ వేగంలో దిగేటప్పుడు నిమిషానికి 300 అడుగులు మించకూడదు, మించితే సొంత రోటర్ కిందికి తోసిన గాలిలోనే కూరుకుపోతాం. పక్కకు జారుతున్నామా అన్నది అద్దానికి కట్టిన దారం చెబుతుంది. దానికి కరెంటూ అక్కర్లేదు, మరమ్మతూ అక్కర్లేదు.

ఇక హెచ్చరిక దీపాలు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణించిన బెల్ 430 ఇంతకంటే చాలా పెద్దది, రెండింజిన్లది. నల్లమలలో అది కూలడానికి కారణం బలంగా కిందికి దిగే గాలిలో చిక్కి అదుపు తప్పడమని దర్యాప్తులో తేలింది. దానికి ముందు సిబ్బంది ట్రాన్స్‌మిషన్ ఆయిల్ సమస్య మీద నిమిషాల తరబడి తలమునకలయ్యారని కూడా నివేదిక చెప్పింది. ఏ దీపానికి ఏం చేయాలో నేల మీదే కంఠతా రావాలి. ఆర్22లో క్లచ్ దీపం మినుకుమంటే ఇంజిన్ శక్తిని రోటర్‌కు అందించే బెల్టులు బిగుస్తున్నాయని అర్థం. అది కొన్ని సెకన్లలో ఆరకపోతే క్లచ్ సర్క్యూట్ బ్రేకర్ లాగి, పవర్ తగ్గించి, వెంటనే దిగాలి. గేర్‌బాక్స్ చిప్ దీపంతో (ఆయిల్‌లో లోహపు రజను ఉందని చెప్పేది) పాటు శబ్దమో, వణుకో, వేడి పెరగడమో ఉంటే అప్పుడూ వెంటనే దిగాల్సిందే. ఇంధనం దీపం వెలిగితే సుమారు ఒక గ్యాలన్ మిగిలింది, క్రూయిజ్ పవర్ మీద ఐదు నిమిషాలు. ఆ దీపాన్ని ప్రయాణ ప్రణాళికలో లెక్కేయకూడదు. ట్యాంకులో ఎంత ఉందో బయలుదేరే ముందే స్వయంగా చూసుకోవాలి.