నాన్న అంబాసిడర్ షెడ్డును జిమ్ చేశాను, తప్పులతో సహా చూపిస్తాను

కెమెరా: సగం ఎత్తిన షట్టర్ కింద నుంచి లోపలికి. ముందు ఇనుము చప్పుడు వినిపించాలి, తర్వాత మనిషి కనిపించాలి.

నమస్తే అండి. ఇది కాకినాడలో మా ఇంటి పక్కనున్న కారు షెడ్డు. 10 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. నాన్న అంబాసిడర్ కోసం కట్టించారు. ఆ కారు అమ్మేసి చాలా ఏళ్లయింది, ఆ తర్వాత పాత మంచాలు, పని చెయ్యని కూలరు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్లిళ్లలో వచ్చిన స్టీలు సామాను, ఇంట్లో చోటు లేనిదల్లా ఇక్కడికే చేరింది. ఇప్పుడు ఇక్కడ నేను రోజూ బరువులు ఎత్తుతున్నాను. మొత్తం మీద 64 వేలు అయింది, అందులో కనీసం 10 వేలు నా తొందర వల్ల పోయాయి. ఆ 10 వేలు మీకు మిగలాలనే ఈ వీడియో.

ఒక మాట ముందే చెప్పేస్తాను. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో ఇది పెడదామనుకుంటే వద్దు. అది అందరి జాగా, పైగా పార్కింగ్‌ని పార్కింగ్‌గానే వాడాలి, రెండో రోజే అసోసియేషన్ వాళ్లు వస్తారు. ఇది సొంత షెడ్డు ఉన్నవాళ్ల కోసం, లేదా ఓనర్‌ని ఒప్పించుకోగల అద్దె ఇంటివాళ్ల కోసం.

కెమెరా: నేల మీద రాడ్డు. పక్కన టేపు సాగుతోంది.

అందరూ ముందు చూసేది ఫోన్‌లో ఆఫర్లు. నేనూ అదే చేశాను. "హోమ్ జిమ్ కాంబో" అని ఒకటి తెప్పించాను, 50 కిలోల ప్లేట్లు, రాడ్డు, గ్లవ్స్, ఫ్రీగా ఒక స్కిప్పింగ్ తాడు. ఆ ప్లేట్లు పైకి నల్లటి ప్లాస్టిక్, లోపల సిమెంటు. 10 కిలోల ప్లేటు నా చెయ్యంత మందం, రాడ్డు చివర రెండు పెడితే మూడోదానికి చోటు లేదు. మూడో నెలలో ఒకటి గచ్చు మీద కాస్త గట్టిగా ఆనింది, అంచు పగిలి బూడిదలాంటి పొడి రాలడం మొదలైంది. రోజూ ఊడ్చుకోవడమే. ఆ సెట్టులో చివరికి పనికొచ్చింది ఆ ఫ్రీ తాడు ఒక్కటే, నిజంగా చెప్తున్నాను, ఇప్పటికీ వాడుతున్నాను.

అసలు సమస్య సిమెంటు కూడా కాదు, రంధ్రం. ఆ కాంబో ప్లేట్లకు మధ్యలో రంధ్రం సన్నం, సన్న రాడ్డుకే సరిపోతుంది. ఒలింపిక్ రాడ్డు, అంటే పోటీల్లో వాడే పెద్ద రాడ్డు, దాని చివరలు 50 మిల్లీమీటర్ల లావు. రేపు మీరు బరువు పెంచి మంచి రాడ్డు కొనుక్కుంటే పాత ప్లేట్లు ఒక్కటి కూడా దానికి ఎక్కవు, మొత్తం మళ్లీ కొనాలి. కాబట్టి డబ్బులు తక్కువున్నా సరే, మొదటి ప్లేటు నుంచే 50 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న పోత ఇనుము ప్లేట్లు కొనండి. మెరుపు లేకపోయినా పర్లేదు.

ఇప్పుడు టేపు సంగతి. మగవాళ్ల ఒలింపిక్ రాడ్డు 20 కిలోలు, పొడవు 220 సెంటీమీటర్లు, అంటే 7 అడుగుల పైన. ఆడవాళ్లది 15 కిలోలు, పట్టు కొంచెం సన్నం, 25 మిల్లీమీటర్లు, చిన్న చేతులున్న మగవాళ్లకి కూడా అది హాయిగా ఉంటుంది, సిగ్గుపడక్కర్లేదు. మా షెడ్డు వెడల్పు 10 అడుగులు, అంటే 305 సెంటీమీటర్లు. రాడ్డు అడ్డంగా పెడితే రెండు వైపులా మిగిలేది 42 సెంటీమీటర్ల చొప్పున. రాడ్డు పట్టింది కదా అని నేను సంబరపడ్డాను. ప్లేటు ఎక్కించేటప్పుడు తెలిసింది, 20 కిలోల ప్లేటు రెండు చేతులతో పట్టుకుని ఆ సందులో గోడకి మోచేతులు రాసుకుంటూ నిలబడాలి. పక్కన రెండడుగులు ఉంటే తప్ప సుఖం లేదు.

అందుకని మొత్తం తిప్పేశాను. ఇప్పుడు రాడ్డు షెడ్డు పొడవు వెంట ఉంటుంది, నేను పక్క గోడ వైపు తిరిగి నిలబడతాను. 16 అడుగుల్లో 7 అడుగుల రాడ్డు పోగా ఎంత మిగులుతుందో మీరే చూడండి. ఒక పక్క తీరిగ్గా ప్లేట్లు మార్చుకుంటాను, ఇంకో పక్క నాన్న సైకిల్ కూడా ఉంది.

కెమెరా: పైకప్పు. దూలం మీదికి మెల్లగా వెళ్లాలి.

ఎత్తు కూడా కొలవాలి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మా స్లాబు 8 అడుగుల 6 అంగుళాలు. బోలెడంత ఉందనుకున్నాను. నా ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, రాడ్డు తలపైకి ఎత్తితే నా పిడికిళ్లు 7 అడుగుల 1 అంగుళం దగ్గర ఉంటాయి. పెద్ద ప్లేటు అడ్డుకొలత 45 సెంటీమీటర్లు, అందులో సగం రాడ్డుకి పైన ఉంటుంది, అది 9 అంగుళాలు. కింద మ్యాటు, చెక్క కలిపి ఇంకో 2 అంగుళాలు. అన్నీ కూడితే సరిగ్గా 8 అడుగులు. స్లాబు కింద పర్లేదు. కానీ మధ్యలో ఈ దూలం ఉంది చూశారా, అది 9 అంగుళాలు కిందికి దిగింది, దీని కింద నిలబడి ఎత్తానంటే ఒక ప్లేటు సిమెంటుని గుద్దుతుంది. అందుకే నేల మీద ఎర్ర టేపు అంటించాను, అది దాటి ఎత్తను. సీలింగ్ ఫ్యాను మొదటి రోజే ఊడదీయించాను, గోడ ఫ్యాను పెట్టించాను. ఫ్యాను రెక్క, పైకెత్తిన రాడ్డు, ఈ రెండూ ఒకే గదిలో ఉండకూడదు.

నేల గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేను ఎక్కువ తిట్లు తిన్నది దీనివల్లే.

కారు షెడ్డు నేల మట్టంగా ఉండదు. కారు కడిగిన నీళ్లు గేటు వైపు పోవాలని మేస్త్రీలు వాలు పెట్టే వేస్తారు. మాది వెనక గోడ నుంచి గేటు దాకా రెండంగుళాల వాలు. నాకు ఆ సంగతి తెలియదు. మొదటి రోజుల్లో రాడ్డు అడ్డంగానే ఉండేది కదా, 60 కిలోలు ఎత్తి కింద పెట్టి నీళ్లు తాగడానికి వెనక్కి తిరిగాను. గరగరమని శబ్దం. చూస్తే రాడ్డు దానంతటదే దొర్లుకుంటూ గేటు వైపు వెళ్తోంది, తాపీగా, ఏదో పనున్నట్టు. అక్కడ నాన్న స్కూటర్. మడ్‌గార్డ్ మీద ఆ సొట్ట ఇప్పటికీ ఉంది.

రాడ్డు తిప్పాక దొర్లడం ఆగింది కానీ ఇంకో తలనొప్పి వచ్చింది. ఇప్పుడు రాడ్డు ఒక చివర రెండో చివర కన్నా ఇంచుమించు అంగుళం కిందికి ఉంటోంది. అలా ఒంకరగా నేల మీంచి రోజూ 80 కిలోలు లేపితే నడుము ఊరుకోదు. తాపీ మేస్త్రిని పిలిచాను. ఆయన రసమట్టం పెట్టి, గాలిబుడగ ఎటు పోతోందో నాకు చూపించి, 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు జాగా వరకు సిమెంటుతో మట్టం చేశారు. పూట పని. మీరు మేస్త్రిని పిలిచేలోపు ఒక గోళీ తెచ్చి నేల మీద వదలండి, వాలు ఎటో అదే చెప్తుంది.

దాని మీద 8 బై 4 ప్లైవుడ్ షీట్లు రెండు, 18 మిల్లీమీటర్లవి, ఒకదాని మీద ఒకటి వేసి స్క్రూలు బిగించాం. షెడ్డుల్లోకి తడి వస్తుంది కాబట్టి ఐఎస్ 710 ముద్ర ఉన్నది, అంటే తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ అడగండి, మామూలు ప్లైవుడ్ ఒక్క వానాకాలానికే ఉబ్బుతుంది. చెదలమందు కొట్టించడం మర్చిపోవద్దు.

కెమెరా: నల్లటి మ్యాటు దగ్గరగా. కింద వైపు బొడిపెలు కనిపించాలి.

ఇక ఇది. జిమ్ రబ్బరు టైల్స్ ధర అడిగి గుండె ఆగినంత పనైంది. అప్పుడు మా మావయ్య, ఆయనకి పాడి ఉంది, "ఒరేయ్, మా గేదెల కింద వేసేవి ఉన్నాయి కదరా, 500 కిలోల గేదె రోజంతా తొక్కినా చిరగవు, నీ లెక్కెంత" అన్నారు. ఆ మాటతో డెయిరీ సామాన్లు అమ్మే కొట్టుకి వెళ్లాను. దీన్ని కౌ మ్యాట్ అంటారు. నావి ఆరున్నర అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 17 మిల్లీమీటర్ల మందం. నాలుగు వేస్తే బరువులు దించే జాగా అంతా వచ్చేసింది. ఒక్కోటి ఇద్దరు పట్టుకుంటే గానీ కదలదు. ఒక్కటే ఇబ్బంది, కొత్తలో రబ్బరు వాసన తల తిరిగేలా వస్తుంది. సబ్బునీళ్లతో కడిగి వారం ఎండలో వేశాను. అయినా మొదటి నెల నా బట్టలు టైర్ల కొట్టులా వాసన కొట్టాయి.

కెమెరా: ర్యాక్ చుట్టూ ఒక రౌండ్. కోసి మళ్లీ అతికించిన గుర్తు దగ్గర ఆగాలి.

ర్యాక్, అంటే రాడ్డుని ఎత్తులో ఆనించి పెట్టుకునే ఇనుప చట్రం, బయట కొనకుండా వెల్డింగ్ షాపులో చేయించాను. రెండంగుళాల చదరపు పైపు, 3 మిల్లీమీటర్ల మందం, అంతకంటే పలచన వద్దు. వెల్డింగ్ ఆయన "వెడల్పు ఎంత పెట్టమంటారండి" అంటే, విశాలంగా ఉంటే మంచిదే కదా అని నాలుగున్నర అడుగులు అన్నాను. ఆయన "ఆయ్, అలాగేనండి" అన్నారు. తెచ్చి నిలబెట్టి రాడ్డు పెడితే కూర్చోదే! ఒలింపిక్ రాడ్డులో లావుపాటి చివరల మధ్య ఉండే సన్న భాగం 131 సెంటీమీటర్లే, అంటే యాభై ఒకటిన్నర అంగుళాలు. నా ర్యాక్ 54. కొక్కేల మీద కూర్చోవాల్సింది సన్న భాగం, కానీ అక్కడికి లావు చివరలు వచ్చి తగులుతున్నాయి. మళ్లీ ఆటో, మళ్లీ షాపు, కోసి 48 అంగుళాలకి దించి అతికించారు. ఇదిగో ఆ మచ్చ. బయటి వైపు నుంచి బయటి వైపుకి 48 అని కాగితం మీద రాసి ఇవ్వండి, నోటితో చెప్పొద్దు.

బెంచీ కూడా అక్కడే చేయించాను. ఎత్తు 17 అంగుళాలు అని గట్టిగా చెప్పండి, దిండుతో కలిపి. లేదంటే కుర్చీ లెక్కన చేసి పైన స్పాంజి వేస్తారు, పడుకుంటే మీ పాదాలు గాల్లో ఆడతాయి.

ఒంటరిగా చేసేవాళ్లకి ర్యాక్‌లో అన్నిటికన్నా ముఖ్యమైనవి ఈ రెండు అడ్డపైపులు. బెంచీ మీద పడుకుని ఛాతీ పైకి ఎగదీస్తే రాడ్డు ఛాతీని తాకాలి, ఛాతీ దించేస్తే రాడ్డు ఈ పైపుల మీద ఆగాలి, మెడ మీదికి రాకూడదు. ఆ ఎత్తు వెతకడానికి ఖాళీ రాడ్డుతో పది నిమిషాలు పట్టింది. దొరికాక ఆ రంధ్రం చుట్టూ పెయింట్ వేశాను. షట్టర్ దించి ఉంటే మీరు అరిచినా టీవీ సీరియల్ టైములో ఇంట్లో ఎవరికీ వినపడదు, అది గుర్తుపెట్టుకోండి. ర్యాక్‌ని నాలుగు యాంకర్ బోల్టులతో నేలకి బిగించాను. అద్దె ఇల్లయితే వెనక కాళ్ల మీద ప్లేట్లు వేలాడదీసి బరువు పెట్టుకోవచ్చు.

ఎక్కడ పెట్టాలన్న చర్చ అమ్మ తేల్చేసింది. "బరువు నైరుతిలో ఉండాల్రా" అంది. కొలతల ప్రకారం కూడా ఆ మూలే సరిపోయింది కాబట్టి ఇంట్లో శాంతి.

ప్లేట్లు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, మూసేస్తున్న జిమ్ నుంచి. ఇనుముకి వయసుతో పని లేదు. అయితే తెచ్చాక పాత ఇనుప సామాను కొట్టులో కాటా వేయించాను. 10 అని పోత పోసి ఉన్న ప్లేటు ఒకటి 9 కిలోల 400 గ్రాములు, దాని జత 10 కిలోల 200. ఒక చేతికి 800 గ్రాములు ఎక్కువ మోస్తూ నా ఎడమ భుజం బలహీనమని అనుకోవడం తప్పు కదా. ఇప్పుడు ప్రతి ప్లేటు మీద అసలు బరువు తెల్ల పెయింట్‌తో ఉంది, దగ్గర బరువులు జతకట్టుకున్నాను. 1.25 కిలోల జత ఒకటి తప్పకుండా కొనండి, అది లేకపోతే ప్రతిసారీ 5 కిలోల చొప్పున పెంచాలి, కొన్నాళ్లకి బండి ఆగిపోతుంది.

ట్రెడ్‌మిల్ ఏదీ అని అడుగుతారు. లేదు. మా పిన్ని వాళ్లింట్లో ఉంది, దాని మీద చీరలు బాగా ఆరతాయి. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కర్ణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో స్నాచ్‌లో, అంటే ఒకే ఊపులో తలపైకి, 110, క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఆ ఆటకి కావాల్సింది ఒక రాడ్డు, కొన్ని ప్లేట్లు, గట్టి నేల. అమ్మమ్మగారి ఊరు విజయనగరం వైపు, అక్కడ పండగకి సంగిడి రాళ్లు ఎత్తేవాళ్లకి అది కూడా లేదు.

కెమెరా: గుడ్డతో రాడ్డు తుడుస్తున్న చేతులు.

మాది సముద్రపు గాలి. ఒక తుఫాను వారం షెడ్డు తెరవలేదు, వచ్చి చూస్తే రాడ్డంతా నారింజ రంగు మచ్చలు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాశాను, నాలుగు రోజులకి దుమ్ము పట్టి జిగురైంది. పనిచేసింది కుట్టుమిషను నూనె. నైలాన్ బ్రష్‌తో గరుకు భాగం తోమి, నాలుగు చుక్కలు గుడ్డ మీద వేసి తుడవాలి, పొడి గుడ్డతో మళ్లీ లాగేయాలి. తీరంలో ఉన్నవాళ్లు కొనేటప్పుడే క్రోమ్ పూత ఉన్న రాడ్డు చూసుకోండి.

గాలి విషయంలో మాత్రం జోకులు లేవు. షట్టర్ దించి ఉండగా లోపల బండి స్టార్ట్ చెయ్యొద్దు, ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తెలిసేలోపే మనిషి పడిపోతాడు. ఇన్వర్టర్ బ్యాటరీ షెడ్డులో ఉంటే బయటికి మార్చండి, ఛార్జింగ్‌లో దాన్నుంచి హైడ్రోజన్ వస్తుంది. నేను షట్టర్ ఎప్పుడూ సగం తెరిచే ఉంచుతాను, ఆ సగానికి దోమతెర వేలాడుతుంది. రోహిణి కార్తెలో ఐదున్నరకే మొదలుపెట్టి ఆరున్నరకి ముగించేస్తాను, ఆ తర్వాత ఈ స్లాబు కింద నిలబడలేం.

ఆ ఐదున్నరకి నాన్న కూడా వస్తారు. రాడ్డు జోలికి రారు. గేదెల మ్యాటు మీద ఇరవై బస్కీలు తీసి, చెమట తుడుచుకుంటూ, "బయట స్కూటర్ తడిసిపోతోంది, రేకు ఎప్పుడు వేయిస్తావురా" అని అడిగి వెళ్తారు. వెల్డింగ్ ఆయనకి ఫోన్ చేశాను, ఆదివారం వస్తానన్నారు. ఈసారి కొలతలు నేనే తీసి, కాగితం మీద రాసి పెట్టాను.