ఆ పేజీ చేతికివ్వడమే మా పని

(హైదరాబాదులో గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక గ్రంథపాలకుడి ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలతో మన లైబ్రరీలు పొద్దున్నే నిండిపోతాయి. సంతోషమే. కానీ ఇంటిపన్ను కట్టే ప్రతి ఒక్కరూ రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. వాళ్లకు మనమేం ఇస్తున్నాం?

ఒకరోజు ఒక పెద్దావిడ వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలుపడ్డ గిఫ్టు డీడు. ఇల్లు కొడుక్కి రాసిచ్చారు, ఇప్పుడు అన్నం పెట్టేవాళ్లు లేరు. ‘‘రాసిచ్చినంక ఇంకేముంటది బిడ్డా, ఇల్లు వాని పేరు మీదికి పోయింది గదా’’ అన్నారు. నేను వకీలును కాను, సలహా చెప్పకూడదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం తీసి, 23వ సెక్షన్ మీద వేలుపెట్టి చదివాను. బాగోగులు చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి పుచ్చుకుని చూడకపోతే, ఆ బదిలీ చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. ‘‘ఇంకోసారి సదువు’’ అన్నారు. మూడుసార్లు చదివించుకున్నారు. తర్వాత ఇద్దరం దస్తావేజులో ఆ షరతు కోసం వెతికాం. ఉంది, చివరి పేజీలో. ఆ ట్రిబ్యునల్ ఆర్డీవో దగ్గర ఉంటుందని చెప్పాను. రెండు జిరాక్సులు తీయించుకుని వెళ్లారు.

ఇందులో జాగ్రత్త కూడా ఉంది. మన అలమరల్లో ఐపీసీ, అంటే పాత భారత శిక్షా స్మృతి పుస్తకాలు ఇంకా ఉన్నాయి. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అంతకు ముందు జరిగిన నేరాలకు పాతదే వర్తిస్తుంది కనక వాటిని పారేయొద్దు. అట్ట మీద ఆ తేదీ రాసి అంటించండి. అనుమానమొస్తే కంప్యూటర్‌లో ఇండియా కోడ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ తెరవండి, కేంద్ర చట్టాలన్నీ ఉచితంగా దొరుకుతాయి.

సమాచార హక్కు చట్టం రాసినవాళ్లకు లైబ్రరీ గుర్తుంది. ప్రతి ప్రభుత్వ కార్యాలయం తనంతట తానే ప్రకటించాల్సిన వివరాల్లో, ప్రజల కోసం నడిపే గ్రంథాలయం, పఠన మందిరం వేళలు కూడా 4వ సెక్షన్‌లో చేర్చారు. అడగడానికి వచ్చినవాళ్లకు దరఖాస్తు రాయడంలో మనం చేయి కలపలేమా?

ప్రతి శాఖలో ఒక్క బల్ల కేటాయించమని కోరుతున్నాను. తెలుగులో చట్టాల ప్రతులు, తెల్లకాగితాలు, ఒక పెన్ను. గోడ మీద ఉచిత న్యాయసహాయం నంబరు 15100, కళ్లజోడు లేకపోయినా కనిపించేంత పెద్ద అక్షరాల్లో.