మీ దానికి లీటర్లెన్ని? బాయిలర్, డ్రోన్, కృత్రిమ మేధ

[దృశ్యం: బెంగళూరులో ఒక వంటిల్లు. పొయ్యి మీద అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కర్. మొదటి విజిల్ వచ్చాకే వ్యాఖ్యానం మొదలవుతుంది.]

ఈ కుక్కర్‌ను ఒకసారి సరిగా చూడండి. గట్టిగా మూసిన పాత్ర, లోపల నీళ్లు, కింద మంట, బయటికి పోవడానికి దారి వెతుక్కుంటున్న ఆవిరి. ఇక్కడికి కొద్ది దూరంలో ఉన్న పీణ్య పారిశ్రామికవాడలోని బాయిలర్‌లో జరిగే పనికీ, ఈ కుక్కర్‌లో జరిగే పనికీ సూత్రంలో పెద్ద తేడా లేదు. అయినా దీన్ని పొయ్యి మీద పెట్టడానికి మా అమ్మ ఏ పరీక్షా రాయలేదు, ఏటా వచ్చి దీన్ని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరూ లేడు. ఐఎస్ఐ గుర్తు లేని కుక్కర్‌ను అమ్మకూడదని 2021 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది కానీ, అది తయారుచేసేవారి మీద, అమ్మేవారి మీద పడే భారమే తప్ప వండేవారి మీద పడేది కాదు. 1923 నాటి భారత బాయిలర్ల చట్టం 5 గ్యాలన్లు, అంటే 22.75 లీటర్లు దాటిన పాత్రనే బాయిలర్ అన్నది. 2007 సవరణతో ఆ హద్దు 25 లీటర్లకు మారింది.

కొత్త సాంకేతికతను ప్రభుత్వం నియంత్రించాలా వద్దా అని మనవాళ్లు గంటల తరబడి వాదించుకుంటారు. ఆ వాదనలో తేలేది ఏమీ ఉండదని, ప్రమాదాన్ని ఏ కొలతతో కొలుస్తున్నామన్నదే అసలు విషయమని నేను అనుకోవడానికి కారణం మా ఇంట్లో జరిగిన ఒక సంభాషణ.

[దృశ్యం: హాలు. చేతిలో కాఫీ గ్లాసుతో ఒక పెద్దాయన, ఎదురుగా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్న యువకుడు. ముఖాలు కనిపించవు.]

మాది హిందూపురం వైపు కుటుంబం. మా మేనమామ యువకుడిగా ఉన్నప్పుడే బెంగళూరు వచ్చి, పీణ్యలోని ఒక కర్మాగారంలో బాయిలర్ అటెండెంటుగా పనిచేసి రిటైరయ్యాడు. మా తమ్ముడు కృత్రిమ మేధ మీద పనిచేసే ఒక చిన్న కంపెనీలో ఇంజినీరు. ప్రభుత్వం ఈ రంగంలో వేలు పెడితే మనం అమెరికాకూ చైనాకూ కస్టమర్లుగానే మిగిలిపోతామని తమ్ముడు ఆవేశంగా చెబుతుంటే, మామయ్య అంతా విని, "సరే నాయనా, మీ దానికి లీటర్లెన్ని?" అని అడిగాడు. తమ్ముడు నవ్వాడు. మామయ్య నవ్వలేదు.

[తెరపై అక్షరాలు: 1863, కలకత్తా]

ఆ ప్రశ్నలోని బరువు తెలియాలంటే లీటరు అనే కొలత ఎందుకు వచ్చిందో తెలియాలి. 1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలి ప్రాణనష్టం జరిగిన తరువాత, 1864లో బెంగాల్ ప్రభుత్వం బాయిలర్ల తనిఖీకి చట్టం తెచ్చింది. ఆ తరువాత ప్రాంతానికొక చట్టం పుట్టుకొచ్చి, ఒకచోట చెల్లిన సర్టిఫికెట్ మరొకచోట చెల్లని గందరగోళం ఏర్పడింది. దేశమంతటికీ ఒకే చట్టం రావడానికి 1923 దాకా పట్టింది. అంటే తొలి చట్టం నుంచి ఉమ్మడి చట్టానికి 59 ఏళ్లు. కొత్త సాంకేతికత వేగాన్ని చట్టం అందుకోలేకపోతోందన్నది ఈ తరం ఫిర్యాదు మాత్రమే కాదు.

[యానిమేషన్: బాయిలర్ గోడలో సన్నని పగులు, లోపలి నీరు ఒక్కసారిగా తెల్లని మేఘంగా మారడం.]

బాయిలర్‌లో ఒత్తిడి ఎక్కువగా ఉండటం వల్ల నీరు 100 డిగ్రీలు దాటినా నీరుగానే ఉంటుంది. గోడ పగిలిన క్షణంలో ఒత్తిడి పడిపోతుంది, అప్పటిదాకా అణిగి ఉన్న వేడి నీటిలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది, ఆ ఆవిరికి నీటి కంటే సుమారు 1,600 రెట్లు ఎక్కువ చోటు కావాలి. అందువల్ల పాత్రలో ఎన్ని లీటర్లు ఉన్నాయన్నదాన్ని బట్టి, పేలినప్పుడు పడేది వంటింటి గోడా లేక కర్మాగారం మొత్తమా అన్నది చాలావరకు తేలిపోతుంది. ఇక్కడ కొలత ప్రమాదాన్ని నేరుగా తాకుతోంది. చట్టం రాసినవారికి భౌతికశాస్త్రం తోడుగా నిలిచింది.

అమెరికాలోనూ కథ ఇలాగే నడిచింది. 1905లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రాక్టన్ పట్టణంలో ఒక బూట్ల కర్మాగారపు బాయిలర్ పేలి 58 మంది మరణించాక, 1907లో ఆ రాష్ట్రం నిబంధనలు చేసింది. రాష్ట్రానికొక నిబంధన తలనొప్పిగా మారడంతో మెకానికల్ ఇంజినీర్ల సంఘమే పూనుకొని 1915లో ఉమ్మడి ప్రమాణాలను ప్రచురించింది. నియంత్రణ అంటే అధికారి ముద్ర అనుకునేవారు ఇది గమనించాలి. కొలతలు ఇంజినీర్లు ఇచ్చారు, ప్రభుత్వాలు వాటికి బలం ఇచ్చాయి.

అయితే కొలత సరైనదైనంత మాత్రాన ప్రమాదాలు ఆగిపోవు. చెన్నైకి దక్షిణాన ఉన్న నైవేలి థర్మల్ విద్యుత్ కేంద్రంలో 2020 మే 7న ఒకసారి, జులై 1న మరొకసారి బాయిలర్ ప్రమాదాలు జరిగి కార్మికులు చనిపోయారు. మే 7న తెల్లవారుజామునే విశాఖపట్నంలో స్టైరీన్ విషవాయువు లీకవడం వల్ల కాబోలు, అదే రోజు జరిగిన నైవేలి ప్రమాదం తెలుగువారిలో చాలామందికి గుర్తులేదు.

[దృశ్యం: నగర శివారు మైదానంలో ఎగురుతున్న డ్రోన్. తూకపు యంత్రం మీద పెట్టిన చిన్న డ్రోన్: 249 గ్రాములు.]

ఇప్పుడు లీటర్లను వదిలి గ్రాముల దగ్గరికి వద్దాం. 2014 అక్టోబరులో పౌర విమానయాన డైరెక్టరేట్ ఒక ప్రకటనతో దేశంలో పౌరుల డ్రోన్ వినియోగాన్ని దాదాపు పూర్తిగా ఆపేసింది. అప్పటికి కొలతే లేదు. బొమ్మంత డ్రోనూ, బస్తా మోసే డ్రోనూ ఒకే గాటన పడ్డాయి. 2018 డిసెంబరులో అనుమతుల పద్ధతి మొదలైంది. 2021 మార్చిలో వచ్చిన నిబంధనలు ఎంత దట్టంగా ఉన్నాయంటే, దరఖాస్తు ఫారాలు 25, రుసుముల రకాలు 72. ఆరు నెలలు తిరక్కముందే, ఆగస్టు 25న, ప్రభుత్వం వాటిని పక్కన పెట్టి ఫారాలను 5కు, రుసుములను 4కు తగ్గించి కొత్త డ్రోన్ నిబంధనలను ప్రకటించింది.

ఈ రెంటి మధ్యలో, జూన్ 27న, జమ్మూలోని వైమానిక దళ స్థావరం మీద డ్రోన్లతో పేలుడు పదార్థాలు జారవిడిచారు. అలాంటి దాడి జరిగాక ఏ ప్రభుత్వమైనా తలుపులు మూసేస్తుందని మనం ఊహిస్తాం. మూడు వారాలు కాకముందే మన ప్రభుత్వం సడలింపుల ముసాయిదాను విడుదల చేసింది. దాడి చేసేవాడు ఫారం నింపడు కనుక, ఫారాల సంఖ్య పెంచితే నలిగేది పంటకు మందు కొట్టే డ్రోన్ తయారుచేసే కుర్రవాడే అన్న తర్కం అందులో ఉంది. ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. సెప్టెంబరులో తెలంగాణలోని వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు చేరవేసే ప్రయోగం మొదలైంది.

కొత్త నిబంధనలు డ్రోన్లను బరువును బట్టి విభజించాయి. 250 గ్రాముల లోపువి నానో, 2 కిలోల దాకా మైక్రో, 25 కిలోల దాకా చిన్నవి, 150 కిలోల దాకా మధ్యస్థం, ఆపైన పెద్దవి. నానో డ్రోన్‌ను ఎగరేయడానికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. దానితోపాటు ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విడదీశారు. విమానాశ్రయం చుట్టూ ఉండే, అనుమతి ఉంటేనే డ్రోన్ ఎగరేయగలిగే పసుపు మండలాన్ని 45 కిలోమీటర్ల నుంచి 12 కిలోమీటర్లకు తగ్గించారు. కెంపేగౌడ విమానాశ్రయం, హెచ్ఏఎల్ విమానాశ్రయం, యలహంక వైమానిక స్థావరం అన్నీ ఉన్న బెంగళూరు పటం మీద ఈ వలయాలు గీసి చూస్తే, ఇక్కడి డ్రోన్ కంపెనీలవారు పరీక్షల కోసం ఊరు దాటి ఎందుకు వెళతారో అర్థమవుతుంది.

ఇక్కడ గ్రాము అనే కొలత దేన్ని తాకుతోంది? డ్రోన్ నెత్తిన పడితే ఎంత దెబ్బ తగులుతుందో చెబుతోంది. దానికున్న కెమెరా మన పడకగది కిటికీలోకి తొంగిచూస్తుందా లేదా అన్నది చెప్పదు, ఎందుకంటే తొంగిచూడటానికి 249 గ్రాములు చాలు. ఒక ప్రమాదాన్ని చక్కగా కొలిచే రాయి మరొక ప్రమాదం దగ్గర మూగబోతుంది.

[తెరపై: 1 అంకె, దాని పక్కన ఒక్కొక్కటిగా 25 సున్నాలు.]

మామయ్య ప్రశ్నకు తమ్ముడు చివరికి ఇచ్చిన జవాబు ఈ సంఖ్య. 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ కృత్రిమ మేధ చట్టం, ఒక మోడల్‌ను తయారుచేయడానికి చేసిన మొత్తం గణన, అంటే కంప్యూటర్లు చేసిన కూడికలు, గుణకారాల వంటి లెక్కల సంఖ్య, దీన్ని దాటితే, ఆ మోడల్ వల్ల సమాజవ్యాప్తమైన ప్రమాదం ఉందని ముందే భావిస్తుంది. అమెరికాలో 2023 అక్టోబరులో బైడెన్ ఇచ్చిన ఉత్తర్వు మరొక సున్నా చేర్చి 26 దగ్గర గీత గీసింది. 2025 జనవరి 20న ట్రంప్ ఆ ఉత్తర్వును రద్దు చేశారు.

ఈ కొలత ఎంత గట్టిదో ఒక లెక్కతో చూద్దాం. మోడల్ ఒక్కో పదాంశానికి, అంటే పదానికి లేదా పదంలోని ముక్కకు, వాడే పరామితుల (శిక్షణలో సర్దుకునే అంకెల) సంఖ్యను, అది చదివిన పదాంశాల సంఖ్యతో గుణించి, దాన్ని 6తో గుణిస్తే మొత్తం గణన స్థూలంగా తెలుస్తుంది. 2024 డిసెంబరులో వచ్చిన చైనా మోడల్ డీప్‌సీక్ వీ3 విషయంలో తయారీదారులు చెప్పిన వివరాల ప్రకారం ఆ పరామితులు 3,700 కోట్లు, పదాంశాలు 14.8 లక్షల కోట్లు. గుణిస్తే సుమారు 33 పక్కన 23 సున్నాలు వస్తాయి. అంటే ప్రపంచాన్ని కుదిపేసిన ఆ మోడల్ యూరప్ గీసిన గీతలో మూడో వంతు దగ్గరే ఆగిపోయింది. గీత కింద ఉన్నవాటిని కూడా విడిగా గుర్తించే అధికారం యూరోపియన్ కమిషన్‌కు ఉందన్నది నిజమే కానీ, అలాంటి మినహాయింపు అవసరమైందంటేనే కొలత మీద రాసినవారికీ పూర్తి నమ్మకం లేదని అర్థం. బాయిలర్‌లో లీటర్లు పెరిగితే పేలుడు పెరుగుతుంది. ఇక్కడ తక్కువ గణనతో ఎక్కువ సామర్థ్యం రాబట్టడమే ఇంజినీర్ల పని. 2024 సెప్టెంబరు 29న కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ ఒక బిల్లును తిప్పి పంపుతూ దాదాపు ఇదే చెప్పారు: అతి పెద్ద, అతి ఖరీదైన మోడళ్ల మీదే దృష్టి పెడితే, చిన్న మోడళ్లు అంతే ప్రమాదకరమైనవి కావచ్చునన్న విషయం మరుగునపడి ప్రజలకు లేని భరోసా కలుగుతుందని.

మన దేశం కొలత లేని దారిని ఒకసారి ప్రయత్నించింది. 2024 మార్చి 1న కేంద్ర ఐటీ మంత్రిత్వ శాఖ, తగినంత పరీక్షించని కృత్రిమ మేధ మోడళ్లను ప్రజలకు అందించే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని సూచించింది. తగినంత అంటే ఎంత అన్నది ఎక్కడా లేదు. ఇది పెద్ద వేదికలకే తప్ప స్టార్టప్‌లకు కాదని మంత్రి వివరణ ఇవ్వవలసి వచ్చింది, మార్చి 15న అనుమతి షరతు లేని కొత్త సూచన పాతదాని స్థానంలోకి వచ్చింది. 2014లో డ్రోన్ల విషయంలో ఏళ్లు పట్టిన దిద్దుబాటు ఇక్కడ రెండు వారాల్లో జరిగింది.

గణన కంటే మెరుగైన కొలత యూరప్ చట్టంలోని మరో భాగంలో ఉందని నాకు అనిపిస్తుంది. ఆ భాగం మోడల్ ఎంత పెద్దదని అడగదు, దాన్ని ఏ పనికి వాడుతున్నారని అడుగుతుంది. ఉద్యోగానికి ఎంపిక, అప్పు ఇవ్వాలా వద్దా అన్న మదింపు, విద్యాసంస్థలో ప్రవేశం వంటి పనులకు వాడితే కఠిన నిబంధనలు. మాటల యంత్రమైతే తాను యంత్రమని చెబితే చాలు. ఈ మాట చెబితే మామయ్య ఒప్పుకోలేదు. "బాయిలర్ పొద్దున ఆవిరి చేసి సాయంత్రం పెళ్లి సంబంధాలు చూడదు కదప్పా," అన్నాడు. పొద్దున ఉత్తరాలు రాసిన మోడలే సాయంత్రం జ్వరానికి మందు మోతాదు చెబుతుంది. పనిని బట్టి కొలిచినా, పని రోజూ మారిపోతుంటే ముల్లు ఒకచోట నిలవదు.

అందుకే మామయ్య మాటల్లో లైసెన్సు కంటే ఎక్కువగా వినిపించినవి గేజ్, లాగ్‌బుక్. నీటి మట్టం ఎంత, ఒత్తిడి ఎంత అని డ్యూటీలో ఉన్నవాడు ఎప్పటికప్పుడు రాసిపెట్టాలి. అంతకంటే ముఖ్యంగా, బాయిలర్‌కు ప్రమాదం జరిగితే 24 గంటల్లో ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలని 1923 చట్టంలోని 18వ సెక్షన్ చెప్పింది; 2025లో ఆ చట్టం స్థానంలో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. కొలత తప్పినప్పుడు దాన్ని సరిదిద్దుకోవడానికి కావలసిన సమాచారం ఆ కాగితాల నుంచే వస్తుంది. కాలిఫోర్నియా 2025లో చేసిన కొత్త చట్టం తీవ్రమైన సంఘటనలను 15 రోజుల్లో తెలియజేయమంటుంది. మన దగ్గర ఐఐటీ మద్రాసు ఆచార్యులు బలరామన్ రవీంద్రన్ నేతృత్వంలోని కమిటీ రూపొందించగా 2025 నవంబరులో విడుదలైన మార్గదర్శకాలు, ఇప్పటికిప్పుడు ప్రత్యేక చట్టం అవసరం లేదంటూనే, కృత్రిమ మేధ వల్ల జరిగే అనర్థాలను నమోదు చేసే జాతీయ పట్టిక ఒకటి ఉండాలని సిఫార్సు చేశాయి. అవి మార్గదర్శకాలే కనుక పాటించి తీరాలన్న బలవంతం లేదు.

[దృశ్యం: మళ్లీ హాలు. ల్యాప్‌టాప్ మూసి ఉంది.]

మీ మోడల్ తప్పు చేసిందని తెలిస్తే మొదట ఎవరికి చెబుతారని మామయ్య అడిగాడు. తమ్ముడు కాస్త ఆలోచించి, "మా లాయరుకు, మామా," అన్నాడు.

మామయ్య కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "మేము ఇన్‌స్పెక్టరుకు చెప్పేవాళ్లం."